కూర్చుంటే లేవగలగాలి: మా కంపోస్టు మరుగుదొడ్డి కట్టుకున్న తీరు

కరెంటు తీగ, నీళ్ళ పైపు, డ్రైనేజీ ఏవీ లేనిచోట ఉంటున్నామని చెబితే అందరూ ముందు సోలార్ ఎలా పెట్టుకున్నారని అడుగుతారు. తర్వాత నీళ్ళ సంగతి అడుగుతారు. ఆడవాళ్ళయితే కాసేపాగి, కొంచెం గొంతు తగ్గించి, “మరి బాత్రూమ్ సంగతేంటండీ?” అంటారు. ఈ పోస్టు వాళ్ళ కోసం. చెప్పాల్సింది చాలా ఉంది, ఓపిగ్గా చదవండి.

కంపోస్టు మరుగుదొడ్డి అంటే నీళ్ళతో ఫ్లష్ చెయ్యకుండా, మలాన్ని బకెట్‌లో పట్టి, పొట్టుతో కప్పి, తర్వాత కుప్పలో మాగబెట్టి ఎరువు చేసేది. దాని గురించి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం ఎరువు గురించే ఉంటుంది. ఎన్ని నెలలు మాగాలి, ఎంత వేడి రావాలి, చెట్లకు ఎంత వెయ్యాలి. అవన్నీ అవసరమే, వాటి దగ్గరికీ వస్తాను. కానీ ఎంతో ఇష్టంగా కట్టుకుని, తర్వాత వాడకుండా వదిలేసిన మరుగుదొడ్లు నేను చూశాను. ఎరువు సరిగ్గా రాలేదని ఎవరూ వదిలెయ్యలేదు. కూర్చోవడం కష్టమని, రాత్రి భయమని, కడుక్కోవడానికి వీలు లేదని వదిలేశారు. ఇంట్లో ఒక్కరికి ఇబ్బందిగా ఉన్నా చాలు, ఆ మనిషి చెట్ల చాటుకు వెళ్ళడం మొదలుపెడతారు. లేదంటే పొద్దుగూకాక నీళ్ళు తాగడం మానేస్తారు. రెండూ జబ్బుకు దారులే. అందుకని సౌకర్యం అనేది చివర్లో డబ్బులు మిగిలితే చూసుకునే విషయం కాదని గట్టిగా నమ్ముతాను. కొలతలన్నీ అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, పాప, అత్తయ్య. అత్తయ్యకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. “మీకెలా ఉంటే బాగుంటుంది అత్తయ్యా?” అని అడిగితే ఆవిడ ఒక్కటే చెప్పారు. “కూర్చుంటే లేవగలగాలమ్మా. మిగతావన్నీ సర్దుకుంటాను.” కాగితం మీద మొదటి గీత గీసింది ఆ మాట పట్టుకునే.

వాసన ఎందుకు వస్తుందో ముందు తెలుసుకుంటే మిగతావి తేలికవుతాయి. వయసొచ్చిన ఒక మనిషి ఏడాదికి సుమారు 500 లీటర్ల మూత్రం, 50 లీటర్ల మలం విసర్జిస్తారు. అంటే బరువులో, తడిలో పెద్ద వాటా మూత్రానిదే. శరీరం నుంచి బయటికొచ్చే నత్రజనిలో కూడా నాలుగింట మూడొంతులకు పైగా అందులోనే ఉంటుంది. మూత్రంలో యూరియా ఉంటుంది, మలంలో ఉండే బ్యాక్టీరియాకు ఆ యూరియాను విడగొట్టే ఎంజైము ఉంటుంది. రెండూ ఒకేచోట, గాలాడకుండా, తడిగా కలిసి ఉంటే అమ్మోనియా బయటికొస్తుంది, కుళ్ళు మొదలవుతుంది. ముక్కు మూసుకునేలా చేసే వాసన అదే. రెంటినీ వేరుగా ఉంచితే వాసన చాలావరకు పుట్టనే పుట్టదు. కలిపే వాడుకునే పద్ధతీ ఉంది, అది తప్పేమీ కాదు. అప్పుడు రంపపు పొట్టు ఎన్నో రెట్లు కావాలి, బకెట్ తొందరగా నిండుతుంది, నిండిన బకెట్ బరువు నడుము మీద పడుతుంది. మోసేది నేనే గనక వేరు చేసే పద్ధతినే ఎంచుకున్నాను.

ఇక కూర్చునే బల్ల. మరుగుదొడ్డి మొత్తంలో నేను ఎక్కువ సమయం పెట్టింది దీనికే. గోడలు, పైకప్పు ఎవరైనా కడతారు, మీ దగ్గర దొరికే సామానుతో ఎలాగైనా కట్టుకోవచ్చు.

నేల నుంచి బల్ల పైఅంచుకు 18 అంగుళాలు పెట్టాను. ఇంచుమించు మామూలు కుర్చీ ఎత్తు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు కిందికి వంగే దూరం ఎంత తగ్గితే లేవడం అంత సులువు. పాప కోసం, పొట్టిగా ఉన్నవాళ్ళ కోసం కాళ్ళ కింద వేసుకునే పీట ఒకటి చేశాను. పీట మీద పాదాలు పెడితే మోకాళ్ళు కాస్త పైకి లేచి, గొంతుక్కూర్చున్నట్టు అయ్యి, విరేచనం సాఫీగా అవుతుంది. కాళ్ళు గాలిలో వేలాడుతూ ఉంటే పెద్దవాళ్ళకైనా సరిగ్గా కాదు. 20 లీటర్ల బకెట్ ఎత్తు సుమారు 15 అంగుళాలు. దాని కింద ఒక చెక్క, పైన అంగుళం మందం పలక వేస్తే సరిగ్గా మనక్కావాల్సిన ఎత్తుకే వస్తుంది.

పలకలో కోసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు. బల్ల ముందు అంచుకూ రంధ్రానికీ మధ్య రెండంగుళాలకు మించి చెక్క ఉండకూడదు. ఎక్కువుంటే మూత్రం పలక మీద పడుతుంది. రంధ్రంలో ముందు మూడో వంతు కింద మూత్రాన్ని పక్కకు మళ్ళించే ప్లాస్టిక్ గరాటు బిగించి ఉంటుంది. డైవర్టర్ పేరుతో తయారుగా అమ్ముతారు. దాని వెనక అంచు కిందికి బకెట్ ముందు అంచు వచ్చేలా బకెట్‌ను వెనక్కి నెట్టాలి. ప్రతిసారీ వంగి సరిచూసుకునే పని లేకుండా నేల మీద ఒక చెక్క ముక్కను అడ్డంగా కొట్టాను. బకెట్‌ను తోస్తే ఆ ముక్కకు తగిలి ఆగుతుంది, ఆగినచోటే దాని స్థానం. చీకట్లో మార్చినా పక్కకు పోదు. కూర్చునేవాళ్ళు ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు: కొంచెం వెనక్కి జరిగి, నిటారుగా కూర్చోవాలి. మగవాళ్ళు కూడా కూర్చునే పోయాలి. ఈ నియమం మా ఇంట్లో మొదటి నుంచీ ఉంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కోసిన అంచులను గరుకు కాగితంతో రుద్దడం దగ్గర ఓపిక తగ్గకూడదు. ముందు ముతక కాగితం, తర్వాత నడిపిది, చివర సన్నది. అంచు ఎక్కడా కొసగా ఉండకూడదు, వేలు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా తగలకూడదు. ఆ పైన నీటిని తట్టుకునే వార్నిష్, ఒక్కో పూత ఆరాక మళ్ళీ తేలిగ్గా రుద్ది ఇంకో పూత. పలక అడుగు భాగానికీ, కోసిన రంధ్రం లోపలి వైపుకీ కూడా పూయాలి. తడి తాగేది అక్కడే. పచ్చి చెక్కలోకి ఒకసారి మూత్రం ఇంకితే ఎంత కడిగినా వాసన పోదు. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్ళకు ఇంకో మాట. నార్వే, స్వీడన్ లాంటి దేశాల్లో ఆరుబయట మరుగుదొడ్లకు థర్మోకోల్ లాంటి నురగ పదార్థంతో చేసిన సీటు వాడతారు. అది ఒంట్లో వేడిని లాక్కోదు కాబట్టి మంచు కురిసే రోజుల్లో కూడా కూర్చోగానే వెచ్చగా అనిపిస్తుంది. అంత తేలికైన వస్తువుతో అంత సుఖం.

నీళ్ళతో కడుక్కునేవాళ్ళకు వేరే చిక్కుంది. కంపోస్టు మరుగుదొడ్డి నమూనాల్లో చాలా భాగం కాగితంతో తుడుచుకునేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని గీసినవి. కడిగిన నీళ్ళు బకెట్‌లో పడితే లోపలంతా తడిసి, పొట్టు పీల్చుకోగలిగినంత పీల్చుకుని, తర్వాత పులుస్తుంది. గొంతుక్కూర్చునే పళ్ళాల్లో దీనికి మంచి పరిష్కారం ఉంది: మూడు రంధ్రాల పళ్ళెం. ఒకటి మలానికి, ఒకటి మూత్రానికి, కాస్త జరిగితే ఇంకొకటి కడుక్కోవడానికి. కానీ అరిగిన మోకాళ్ళతో గొంతుక్కూర్చుని జరగడం ఎక్కడ కుదురుతుంది? లేచి పక్కకు వెళ్ళి మళ్ళీ కూర్చోమనడం కూడా అత్తయ్యకు కష్టమే.

అందుకే బల్లను నాలుగున్నర అడుగుల పొడవు చేసి, రెండు రంధ్రాలు పక్కపక్కనే కోశాను. ఒక రంధ్రం మధ్య నుంచి ఇంకో రంధ్రం మధ్యకు 20 అంగుళాలు. మొదటిది బకెట్ మీద, రెండోది ఒక ప్లాస్టిక్ బేసిన్ మీద. పని అయ్యాక లేవకుండా, కూర్చునే పక్కకు జరిగితే చాలు. జరగడానికి వీలుగా రెండు రంధ్రాల మధ్య చెక్క నున్నగా ఉండాలి, ఉబ్బెత్తు సీట్లు బిగించకూడదు. వెనక గోడకు, కూర్చున్న మనిషి మోచెయ్యి ఎత్తులో, అడ్డంగా ఒక గుండ్రటి కర్ర బిగించాను. అత్తయ్య దాన్ని పట్టుకుని జరుగుతారు, దాన్నే పట్టుకుని లేస్తారు. ఆ కర్రకు వాడిన స్క్రూలు గోడ రేకులోకి కాకుండా వెనక దుంగలోకి దిగాలి, మనిషి బరువంతా దాని మీద వేలాడినా కదలకూడదు.

బల్ల కింద భాగం నాలుగు వైపులా మూసిన పెట్టెలా ఉంటుంది. ఆ పెట్టె లోపల రెండు రంధ్రాల మధ్య నిలువునా ఒక పలక అడ్డు ఉంది, కడిగిన నీళ్ళ చెమ్మ బకెట్ వైపు రాకుండా. బేసిన్ అడుగు నుంచి రెండంగుళాల పైపు బయటికి వెళ్ళి, రెండడుగుల లోతు తవ్వి కంకర, చెక్క ముక్కలు నింపిన కందకంలోకి పోతుంది. కందకం పక్కనే మెట్టతామర దుంపలు పెట్టాను, ఆ నీళ్ళన్నీ అవే తాగుతాయి. ఇవి చూడ్డానికి తేటగా ఉన్నా మలం తగిలిన నీళ్ళే. నేల పైకి తేలకూడదు, పిల్లల కాళ్ళకు, పెంపుడు జంతువులకు తగలకూడదు. బావికి, బోరుకు కనీసం 30 మీటర్ల దూరం ఉండాలి.

చేతులు కడుక్కునే చోటు గది లోపలే ఉండాలని నా పట్టుదల. బయట పెడితే పిల్లలు మర్చిపోతారు, రాత్రిపూట పెద్దవాళ్ళూ బద్ధకిస్తారు. గోడకు ఒక చిన్న డబ్బా, దానికి కొళాయి, కింద సబ్బు. కాలితో తొక్కితే నీళ్ళు వచ్చే పద్ధతి అమర్చుకుంటే ఇంకా మంచిది, కడగని చేత్తో కొళాయి ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు పైన కప్పే పొట్టు. దీని చరిత్ర చెప్పాలని ఉంది. 1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది మురుగుతో కంపు కొట్టి పార్లమెంటు పనే కుంటుపడింది. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోనే డోర్సెట్ ప్రాంతంలో హెన్రీ మూల్ అనే చర్చి పాస్టరు తన ఇంటి మురుగుగుంటను పూడ్పించి, ఇంటిల్లిపాదినీ బకెట్లు వాడమన్నాడు. బకెట్లలోది తోటలో కందకాలు తీసి పూడ్చాడు. మూడు నాలుగు వారాలకు తవ్వి చూస్తే ఆనవాలే లేదు. తర్వాత పొడి మట్టి కలిపితే వాసన పోతుందనీ, అదే మట్టిని ఆరబెట్టి మళ్ళీ మళ్ళీ వాడొచ్చనీ గమనించాడు. 1860లో పేటెంటు తీసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది మట్టి సంగతి కనిపెట్టినందుకు మాత్రమే కాదు. సీటు వెనక మట్టి నింపిన తొట్టి, ఒక పిడి పెట్టాడు. పిడి లాగితే కొలతగా మట్టి పడుతుంది. మట్టి మహిమ అంతకుముందు రైతులకు తెలియనిదా? కూర్చున్న మనిషికి పారతో పని లేకుండా చేయడమే ఆయన చేసిన మేలు.

మేం వాడేది రంపపు పొట్టు, కొబ్బరి పీచు నుంచి రాలే పొట్టు, సగం సగం. పొట్టు తెచ్చుకునేటప్పుడు అది ఏ చెక్కదో అడగండి. ప్లైవుడ్, జిగురు కలిపి నొక్కిన అట్టలు, రంగు వేసినవి, చెదలు పట్టకుండా మందు పూసినవి వద్దు. అందులోని రసాయనాలు చివరికి మీ మట్టిలోకే వస్తాయి. వరి ఊక ఒక్కటే వాడితే తడిని పీల్చదు, తొందరగా కుళ్ళదు, ఇంకేదైనా మెత్తటిదాంతో కలపాలి. ఎండాకులు నలిపి వాడొచ్చు. బూడిద విషయంలో జాగ్రత్త. గుంటలో ఎండబెట్టే పద్ధతికి బూడిద చాలా మంచిది, క్షారగుణం పెంచి క్రిములను చంపుతుంది. వేడి పుట్టించే కుప్పలో వెయ్యబోయేదానికి మాత్రం అది ఎక్కువైతే కుప్పను మగ్గించే సూక్ష్మజీవులకే దెబ్బ, పైగా నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

ఖాళీ బకెట్ అడుగున మూడు అంగుళాల పొట్టు పరిచి మొదలుపెట్టాలి. ప్రతిసారీ మలం కనిపించకుండా కప్పాలి. “ఒక డబ్బాడు” లాంటి లెక్కలు చెప్పను, కనిపిస్తే ఇంకాస్త వెయ్యండి. పొట్టు డబ్బా కూర్చున్నవాళ్ళ కుడిచేతికి అందేచోట, ఒళ్ళోకి వచ్చే ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే వంగాలి, వంగడం కష్టమైతే వేసే పొట్టు తగ్గుతుంది, పొట్టు తగ్గితే ఈగలొస్తాయి.

ఈగలనగానే గాలి గొట్టం. పెట్టె వెనక నుంచి నాలుగు అంగుళాల పైపు నిలువుగా, ఎక్కడా వంపు లేకుండా, పైకప్పు కన్నా కనీసం అడుగున్నర ఎత్తుకు పోతుంది. నల్లరంగు వేస్తే ఎండకు లోపలి గాలి వేడెక్కి పైకి లాగుతుందంటారు, నిజమే. కానీ లాగుడు ఎక్కువగా వచ్చేది పైపు మూతి మీదుగా వీచే గాలి వల్ల. అందుకే పక్కన గుబురు చెట్టు, ఎత్తైన గోడ ఉంటే ఆ చోటు మార్చుకోవాలి. ఇప్పటి జింబాబ్వేలో 1970ల్లో పీటర్ మోర్గాన్, ఆయన తోటివాళ్ళు గుంట మరుగుదొడ్లకు ఈ గొట్టం పెట్టి ఈగల సమస్యను భలే పరిష్కరించారు. ఈగ వెలుతురు వైపు వెళుతుంది. గది లోపల మసక చీకటిగా ఉంచి, గొట్టం పైమూతికి సన్నటి జాలీ కడితే, లోపల పుట్టిన ఈగ వెలుగు చూసుకుని గొట్టంలో పైకెక్కి జాలీ దగ్గర చిక్కుకుని చస్తుంది. జాలీ తుప్పు పట్టనిదై ఉండాలి.

మా పద్ధతిలో గది మసకగా ఉండక్కర్లేదు, వెలుతురు కావాలనే పెట్టుకున్నాం. బదులుగా రంధ్రాలకు మూతలున్నాయి, మూతల అడుగున రబ్బరు బీడింగు ఉంది, పెట్టె అతుకులన్నీ సీలెంటుతో మూసి ఉన్నాయి. గొట్టంలో కంప్యూటరుకు వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను తిరుగుతుంది. అలాంటిది ఒకటి రెండు వాట్లు మాత్రమే తీసుకుంటుంది, పగలూ రాత్రీ తిరిగినా 20 వాట్ల ప్యానెలు, చిన్న బ్యాటరీ చాలు. గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి మూత తెరిచి రంధ్రం దగ్గర అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి దిగితే అంతా బాగున్నట్టు. మొహం మీదికి వస్తే ఎక్కడో కంత ఉంది, లేదా గొట్టంలో సాలెగూడు కట్టింది. కూర్చున్నప్పుడు గాలి మన దగ్గర్నుంచి కిందికి పోవడమంటే ఆ కాసేపు కూడా గదిలో వాసన ఉండదన్నమాట. నీళ్ళ మరుగుదొడ్డిలో కూడా ఇంత హాయి లేదని అత్తయ్య చెల్లెలు వచ్చినప్పుడు తనకు తానుగా అన్నారు.

మూత్రం పైపు గురించి నాలుగు మాటలు. ఒకటింపావు అంగుళం ప్లాస్టిక్ పైపు, రెండడుగులకు కనీసం ఒక అంగుళం వాలు, తీవ్రమైన మలుపులు లేకుండా. ఇనుము, రాగి తగలకూడదు, నిలవ మూత్రం వాటిని తినేస్తుంది. పైపు లోపల తెల్లగా సున్నంలాంటి పొర కడుతుంది, అప్పుడప్పుడూ వెనిగరు గానీ నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళు గానీ పోస్తే కరుగుతుంది. పైపు చివర, మూత్రం పోగయ్యే ప్లాస్టిక్ క్యాను అడుగుదాకా వెళ్ళి మూత్రంలో మునిగి ఉండాలి. అలా ఉంటే క్యానులోని అమ్మోనియా పైపు వెంట పైకి రాదు. పైపూ క్యానూ కలిసే మూతి దగ్గర వదులు లేకుండా బిగించాలి, కానీ నిండేకొద్దీ లోపలి గాలి పోవడానికి సూది మొనంత బెజ్జం ఉంచాలి. మనిషికి రోజుకు లీటరు నుంచి లీటరున్నర లెక్కన నలుగురికి 20 లీటర్ల క్యాను నాలుగు రోజుల్లో నిండుతుంది.

నిలవ ఉంచితే మూత్రం క్షారగుణం పెరిగి తనలోని క్రిములను తనే చంపుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 20 డిగ్రీలు, ఆ పైన వేడిలో ఆరు నెలలు మూసి ఉంచితే ఏ పంటకైనా వాడొచ్చు. ఒకే కుటుంబం తన మూత్రాన్ని తన తోటకే వాడుకుంటూ, వేసిన తర్వాత నెల రోజులు ఆగి కోసుకుంటే నిలవ కూడా అక్కర్లేదని అదే పత్రం చెబుతుంది. ఒకటికి ఐదు నుంచి పది పాళ్ళ నీళ్ళు కలిపి, ఆకుల మీద పడకుండా మొదలు చుట్టూ చిన్న గాడి తీసి పోసి, మట్టి కప్పేస్తాను. ఎవరైనా గట్టి మందులు వాడుతున్నప్పుడు వాళ్ళ మూత్రం తోటకు పొయ్యను, వేరేగా కందకంలోకి పోతుంది.

ఇక కుప్ప. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న రెండు గూళ్ళు, పైన వాన పడకుండా చిన్న కప్పు. ఘనమీటరు కన్నా తక్కువ సైజులో కుప్ప వేడి నిలుపుకోదు. అడుగున అడుగున్నర మందాన ఎండుగడ్డి వేసి, మధ్యలో గుంట చేసి, బకెట్‌ను ఆ గుంటలో బోర్లించి, పైన మళ్ళీ గడ్డి. పక్కల్లో ఎప్పుడూ గడ్డి గోడ ఉండాలి, మలం మధ్యలోనే ఉండాలి. బకెట్ కడిగిన నీళ్ళు కూడా అందులోనే. బకెట్ కడగడానికి చీపురు కాదు, పొడవాటి పిడి ఉన్న బ్రష్ మంచిది.

మూత్రం వేరు చేసేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. నత్రజనిలో ఎక్కువ భాగం క్యానులోకి పోయింది, బకెట్‌లో మిగిలినదాంట్లో ఎక్కువ పొట్టే, అంటే కర్బనం ఎక్కువ. కుప్ప వేడెక్కడానికి కర్బనం, నత్రజని 25 నుంచి 30 పాళ్ళకు ఒక పాలు చొప్పున ఉండాలి, పిండితే చుక్క రాలీ రాలనంత తడి ఉండాలి. పొడి పొట్టులో నత్రజని, తడి రెండూ తక్కువ. అందుకే పచ్చగడ్డి, వంటింటి చెత్త అందులోనే వేస్తాను, క్యానులోంచి కొంత మూత్రం తిరిగి కుప్ప మీద పోస్తాను. అది పోసిన మర్నాటికి పొడవాటి కాడ ఉన్న థర్మామీటరు గుచ్చితే ముల్లు పైకెక్కడం కనిపిస్తుంది.

వేడి ఎందుకంటే, మొండిగా బతికేది ఏలికపాము గుడ్డు. మామూలు మట్టిలో అది ఏళ్ళ తరబడి బతుకుతుంది. 50 డిగ్రీల్లో ఒక రోజు, 46 డిగ్రీల్లో వారం, 43 డిగ్రీల్లో నెల ఉంటే చస్తుంది. 55 దాటితే గంటల వ్యవహారం. అయితే కుప్పలో ప్రతి మూలకూ అదే వేడి తగిలిందని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. కాబట్టి వేడిని నమ్ముకుంటూనే కాలాన్ని కూడా జోడించాలి. ఒక గూడు నిండాక దాన్ని ఏడాదికి పైగా ముట్టుకోను, అప్పుడు రెండోది నింపుతాం. 20 నుంచి 35 డిగ్రీలుండే చోట ఏడాదికి పైగా, అంతకన్నా చల్లటి చోట ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు నిలవ ఉంచమని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటాయి. ఆ తర్వాత కూడా నేను చెట్ల మొదళ్ళకే వేస్తాను, పచ్చివి తినే ఆకుకూరలకు, దుంపలకు వెయ్యను. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే వాళ్ళ బకెట్ వేరు, అది వేసిన రోజు నుంచి ఆ గూటి లెక్క మళ్ళీ మొదలు. చేతులకు గ్లవ్సు, ఆ పని చేసే బట్టలు, ఆ పారా వేరేగా ఉంటాయి.

ఆడపిల్లలున్న ఇంట్లో ఇంకోటి తప్పనిసరి. నెలసరి రోజుల్లో వాడే ప్యాడ్లకు మూత ఉన్న డబ్బా చేతికందే చోట ఉండాలి. ప్లాస్టిక్ పొర ఉన్నది ఏదీ కుప్పలో కరగదు. గుడ్డ వాడేవాళ్ళకు గది లోపలే ఉతుక్కునే బేసిన్, నీళ్ళు ఉండాలి, ఆ నీళ్ళూ కందకంలోకే. కొక్కెం ఒకటి, చిన్న అర ఒకటి, అద్దం ఒకటి. గది కొలత నాలుగడుగులు చాలని చాలా చోట్ల ఉంటుంది, మేం ఆరడుగులు పెట్టాం. చీర మార్చుకోవాలన్నా, పాపకు పక్కన నిలబడాలన్నా అంత చోటు కావాలి.

పాప మొదట్లో రాత్రిపూట ఒంటరిగా వెళ్ళేది కాదు. “అమ్మా, కింద చీకట్లో ఏముంటుంది?” అనేది. బల్ల ముందు వైపు తలుపు ఉంది, బకెట్ తీసేది అటు నుంచే. మూత ఎత్తి పైకి లాగే అమరిక కన్నా ఇది నడుముకు ఎంతో తేలిక. ఒక పగలు ఆ తలుపు తీసి టార్చి వేసి పాపకు చూపించాను. బకెట్, పైపు, చెక్క, అంతే. తనే రెండుసార్లు తలుపు వేసి తీసింది. ఆ పైన ఇంటి నుంచి దారి పొడవునా మనిషి కదలికకు వెలిగే చిన్న సోలార్ దీపాలు, గదిలో పసుపు రంగు దీపం పెట్టాం. తలుపు గడియ లోపలి నుంచి పిల్లలకు అందేంత ఎత్తులో ఉంది, అవసరమైతే బయట నుంచి నాణెంతో తిప్పి తీసే రకం. అత్తయ్య లోపల పడిపోతే అన్న భయం నాకుండేది, తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టడం కూడా అందుకే.

నీళ్ళ మరుగుదొడ్డి అయితే ఫ్లష్‌కు 6 లీటర్లు, రోజుకు ఐదుసార్లు లెక్కేసినా మనిషికి ఏడాదికి దాదాపు 11,000 లీటర్ల నీళ్ళు. వాననీటి ట్యాంకు మీద బతికే ఇంటికి ఆ లెక్క చాలా పెద్దది. కట్టే ముందు మీరుండే చోట ఇలాంటి మరుగుదొడ్డికి నిబంధనలేమున్నాయో కనుక్కోండి, భూగర్భ జలం ఎంత లోతులో ఉందో, వరద నీరు ఎంతవరకు వస్తుందో చూసుకోండి.

ఒక్క బకెట్‌తో మొదలుపెట్టకండి. ఒకే సైజువి మూతలతో సహా కనీసం నాలుగు ఉండాలి: ఒకటి వాడుకలో, ఒకటి కడిగి ఎండలో, రెండు చుట్టాలు వచ్చినప్పటికి. మూడొంతుల్లో రెండొంతులు నిండగానే మార్చెయ్యండి. పూర్తిగా నిండినదాన్ని ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఇల్లు వదిలి వారాల తరబడి వెళ్ళేటప్పుడు బకెట్ కుప్పలో వేసి, క్యాను ఖాళీ చేసి, మూత్రం పైపులో వెనిగరు నీళ్ళు పోసి, మూతలు మూసి, ఫ్యాను మాత్రం తిరగనిచ్చి వెళ్తాం.